పికప్‌కి పెద్ద టైర్లు వేయించినా, గాలి ఎంత పెట్టాలో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తాండారు

బోరుబండి, కదిరి

అన్నలందరికీ నమస్కారం. బోరు మోటార్లు ఎత్తడం, దించడం, రివైండింగు నా పని. బండి శ్రీసిటీలో తయారైన డబుల్ క్యాబ్ పికప్, 2017 మోడలు, ఫోర్ బై ఫోర్. సెకండ్ హ్యాండులో తీసుకున్నా. కంపెనీ టైరు 245/70ఆర్16. అవి అరిగిపోతే పోయిన సెప్టెంబరులో 265/70ఆర్16 ఎల్‌టీ (అంటే లైట్ ట్రక్కు) టైర్లు నాలుగు వేయించినా, మట్టిదోవకీ తారుకీ రెండింటికీ పనికొచ్చే రకం. పక్కన 121/118 అనీ, లోడ్ రేంజ్ ఈ అనీ అచ్చు ఉండాది. రిమ్ములు పాతవే, 7 అంగుళాలవి.

నా బాధంతా గాలితోనే. డ్రైవర్ డోరు పక్కన, గాలి ఎంత పెట్టాలో రాసి ఉండాల్సిన కంపెనీ స్టిక్కరు లేదు. ముందు ఓనరు ఆ పక్క డెంటింగు, పెయింటింగు చేయించినప్పుడు పోయినట్టుంది. బండితో పుస్తకం కూడా రాలేదు. టైర్లు వేసినాయన "ఇవి పది ప్లై, 50 కంటే తగ్గిస్తే గోడ నలుగుతుంది" అని నాలుగింటికీ 50 పీఎస్‌ఐ కొట్టినాడు. పెట్రోల్ బంకులో పిల్లోడు "కారుకు 50 ఏంది సార్, 32 చాలు" అంటాడు. మా వీధిలో ఇంకొకాయన టైరు మీద 80 అని రాసుంటే 80 పెట్టాల్సిందే అని వాదన.

50తో ఏమైతాందో చెప్తా. ఖాళీగా తనకల్లు దోవలో పోతే వెనక భాగం బంతి మాదిరి ఎగురుతాంది. చిన్న గుంతకే వెనక ట్రేలో ఉండే కప్పీ, చైన్ పుల్లీ ఎగిరి డాలాకు కొట్టుకుంటాండాయి. అక్టోబరు వానల్లో నల్లచెరువు దాటినాక మలుపులో బ్రేకు తొక్కితే వెనక చక్రాలు పక్కకు జారినాయి. ఎదురుగా ఏం రాలేదు కాబట్టి సరిపోయింది. బండిలో మా అన్న కొడుకు ఉన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఈ గాలి సంగతి తేల్చుకోకుండా నిద్ర పట్టడం లేదు.

ఇంకొకటి. షాపులో వర్నియర్ ఉంటే దాంతో కొలిచి చూసినా. 7,000 కిలోమీటర్లు తిరిగినాక వెనక టైరు నడిమధ్య లోతు 9.8 మిల్లీమీటర్లు, అంచుల్లో 11.2. నడుమ తొందరగా అరిగిపోతాంది.

మామూలుగా వెనక ట్రేలో మోటారు పంపులు రెండు మూడు, కేబుల్ చుట్టలు, క్లాంపులు, గొలుసు, పలుగులు, ముక్కాలి స్టాండు ఉంటాయి. మనుషులు ఇద్దరం. రోజులో సగం తారు రోడ్డు, సగం చేన్లలో మట్టిదోవ. లెక్క ఎట్ల వేసుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంతని ఒక నంబరు చెప్పి వదిలేయకుండా, అది ఎందుకో కూడా చెప్తే మేలు.

లారీ అన్న, కరీంనగర్

తమ్మీ, 50 అంటే గాబరా పడకు. మేం గ్రానైటు లోడు లారీలకు నూటికి పైన కొడ్తం. నా అనుభవంల గాలి ఎక్కువై పేలిన టైరు కంటె గాలి తక్కువై వేడెక్కి పేలినయే ఎక్కువ. ఎండకాలం లోడు మీద రెండు టైర్ల నడుమ ఒక్కదాంట్ల గాలి తగ్గినా, పక్కదానికి బరువు పడి రెండూ పోతయి. గందుకే ఎక్కువున్నా ఫర్వాలేదు గని తక్కువ మాత్రం ఉండొద్దు. నా మాట వింటే 50 అట్లనే ఉంచు, స్పీడు తగ్గించు.

ఆటోనగర్ టైర్లు, విజయవాడ

కరీంనగర్ అన్న చెప్పిన దాంట్లో సగం నూటికి నూరుపాళ్ళు నిజం. గాలి తక్కువైతే టైరు గోడ చక్రం తిరిగినప్పుడల్లా నలిగి, లోపల వేడి పుట్టి, చివరికి పొరలు విడిపోతాయి. రిట్రెడింగుకి వచ్చే టైర్లను లోపల చెయ్యి పెట్టి తడిమితే తెలిసిపోతుంది. గాలి తక్కువతో తిరిగినదాని గోడ లోపలివైపు నల్లటి పొడి రాలుతుంది. 27 ఏళ్ళుగా ఆ పొడి చూస్తున్నాను. కానీ లారీలో ఒక్కో టైరు రెండు మూడు టన్నులు మోస్తుంది. ఈ తమ్ముడి బండిలో ఒక్కో టైరు మీద పడేది అర టన్ను చిల్లర. లారీ లెక్క దీనికి తీసుకొస్తే అతను చెప్పినట్టే ఎగురుతుంది, జారుతుంది, నడుమ అరుగుతుంది.

తమ్ముడూ, ముందు టైరు మీద ఉన్నది చదువుకుందాం. 121 అంటే ఒంటి చక్రంగా వేస్తే 1450 కేజీలు. 118 అంటే లారీ వెనకలా జంటగా వేస్తే ఒక్కోటి 1320. నీకు మొదటిదే లెక్క. అయితే ఆ 1450 మొయ్యాలంటే లోపల చల్లగా 80 ఉండాలి. మీ వీధిలో ఆయన చూసిన 80 అదే. అంత బరువు మొయ్యాల్సి వస్తే అంత గాలి కావాలని దాని అర్థం, రోజూ పెట్టుకోవాల్సిన గాలి అని కాదు. బరువు తగ్గితే గాలీ తగ్గాలి.

బరువు మోసేది గాలే. రబ్బరూ, ప్లైలూ ఆ గాలిని పట్టుకుని ఉండే సంచి. పది ప్లై అన్న మాట కూడా పాతకాలపు నూలు టైర్ల నాటిది. ఇప్పుడు లోపల నిజంగా పది పొరలు ఉండవు, అంత బలమని చెప్పడానికి ఆ పేరు మిగిలింది. సంచి గట్టిదైతే ఎక్కువ గాలి పట్టుకోగలదు. అంతేగానీ తక్కువ గాలితో ఎక్కువ బరువు మొయ్యదు. నిజానికి ఎల్‌టీ టైరుకి అదే బరువుకి కారు టైరు కంటే కాస్త ఎక్కువ గాలే కావాలి. అందుకే నీ స్టిక్కరు ఉండుంటే కూడా ఆ నంబరు యథాతథంగా పెట్టమని చెప్పేవాణ్ణి కాదు. ఆ నంబరు 245 కంపెనీ టైరుకి రాసింది. బంకు కుర్రాడి 32 కూడా కారు లెక్కే.

ఇక చెయ్యాల్సింది ఒక్కటే. రోజూ మోసే సామాను మొత్తం వేసుకుని, ఇద్దరూ కూర్చుని, కాటా మీదికి వెళ్ళు. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక తూకం, మొత్తం బండి ఒక తూకం, వెనక చక్రాలు మాత్రం ఒక తూకం. ముందూ వెనకా కలిపితే మొత్తానికి దగ్గరగా రావాలి. రాకపోతే కాటా నేల సమంగా లేదన్నమాట, వేరే చోట తూచు. తరవాత సామాను దింపేసి ఖాళీ బండి కూడా తూయించు. ఆర్‌సీలో రాసిన గ్రాస్ వెయిట్ దాటుతున్నావేమో కూడా అక్కడే తేలిపోతుంది. టైరు ఎంత బలమైనదైనా యాక్సిలు, స్ప్రింగులు పాతవే కదా.

ఆ తూకం రెండుతో భాగించు. ఒక్కో టైరు మీద పడే బరువు వస్తుంది. టైరు కంపెనీవాళ్ళు ప్రతి సైజుకీ ఎంత బరువుకి ఎంత గాలి అని పట్టిక ఇస్తారు, అది దొరికితే అందులో చూడు. దొరక్కపోతే బడిలో నేర్చుకున్న త్రైరాశికం చాలు. 1450కి 80 అయితే నీ బరువుకి ఎంత? పట్టిక కంటే ఇది కాస్త ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. అందుకే ధైర్యంగా వాడుకోవచ్చు. ఒక హద్దు మాత్రం గుర్తుపెట్టుకో. లెక్క 28 అని వచ్చినా, 30 అని వచ్చినా ఎల్‌టీ టైరుని తారు రోడ్డు మీద 35 కంటే కిందికి దిగనివ్వకు. ఆ పట్టికలు మొదలయ్యేదే సాధారణంగా అక్కడ.

ఇంకో సంగతి. 265/70ఆర్16 టైరు 7 నుంచి 9 అంగుళాల రిమ్ముకి సరిపోతుంది. నీది 7, అంటే కింది అంచు. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు కూర్చుంటే నడుము కొద్దిగా ఉబ్బుతుంది. అలాంటప్పుడు గాలి ఎక్కువైతే నడుమ ఇంకా తొందరగా అరుగుతుంది. నీ వర్నియర్ చెప్పింది ఇదే. వాల్వులు కూడా చూసుకో. మామూలు రబ్బరు వాల్వు 65 వరకే. ఆ 80 నమ్మి కొట్టించి ఉంటే ముందు అదే ప్రాణం తీసేది.

బోరుబండి, కదిరి

అన్నా, మీరు చెప్పినట్లే చేసినా. మా ఊర్లో చెనక్కాయల మిల్లు కాటా మీద తూయించినా. కాటా ఆయన ఒకే బండికి ఇన్ని తూకాలేంది అని అడిగినాడు. చెప్తే ఆయనే బయటికి వచ్చి చక్రాలు సరిగ్గా అంచు మీద నిలబెట్టించినాడు.

సామానుతో, ఇద్దరం కూర్చుంటే ముందు 1,160 కేజీలు, వెనక 1,280, మొత్తం 2,440. ఖాళీగా ముందు 1,140, వెనక 900. ముందుకూ వెనక్కూ కలిపితే మొత్తానికి సరిగ్గా వచ్చింది. ఆర్‌సీలో రాసిన బరువుకు లోపలే ఉండాను.

లెక్క వేసినా. లోడుతో ముందు ఒక్కో టైరుకు 580, దానికి 32. వెనక ఒక్కో టైరుకు 640, దానికి 35 చిల్లర. ఖాళీగా అయితే వెనక టైరు మోసేది 450 కేజీలే. ఇన్ని నెలలు అందులో 50 పెట్టుకుని తిరిగినా, అంటే మీ త్రైరాశికం ప్రకారమే 900 కేజీలు మోసే గాలి. సగం బరువు కూడా లేకుండా ఆ టైరు నేలను ఎట్ల పట్టుకుంటుంది? నల్లచెరువు మలుపు ఇప్పుడు అర్థమయింది నాకు.

మరి ఇప్పుడు ఎంత పెట్టమంటారు? సరిగ్గా 35 పెడితే వెనక బొటాబొటిగా ఉండదా? మాకు ఎండాకాలం మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటుతాంది.

ఆటోనగర్ టైర్లు, విజయవాడ

బొటాబొటిగా వద్దు. ముందు 36, వెనక లోడుతో 40. సామాను దింపేసి రెండు మూడు రోజులు ఖాళీగా తిరిగేటట్టయితే వెనక కూడా 36 చెయ్యి. పొద్దున లోడు, సాయంత్రం ఖాళీ అయితే మార్చనక్కర్లేదు, 40 ఉంచేసెయ్.

ఎండ సంగతి. ఈ నంబర్లన్నీ చల్లటి టైరుకే. చల్లగా అంటే కనీసం మూడు గంటలు నిలిచి ఉండాలి, ఎండ ఒక పక్క పడుతూ ఉండకూడదు. తెల్లారగట్ల బండి తియ్యకముందు చూసుకోవడం అన్నిటికన్నా మంచిది. బయట వేడి ప్రతి ఐదున్నర డిగ్రీలకీ సుమారు ఒక పాయింటు పెరుగుతుంది, నడిస్తే ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం చూసి అమ్మో పెరిగిందని గాలి వదిలావంటే మర్నాడు పొద్దునకి తక్కువ పడుతుంది. ఆ తప్పు చెయ్యకు. పొద్దున 40 ఉన్నది రోడ్డు మీద అరగంట పోయాక 44, 45 చూపిస్తే టైరు ఆరోగ్యంగా ఉన్నట్టు. 48 దాటితే గాలి తక్కువైనా అయి ఉండాలి, బరువు ఎక్కువైనా అయి ఉండాలి.

సొంత గేజి ఒకటి కొనుక్కో. బంకు గేజీలు మూడు నాలుగు పాయింట్లు అటూ ఇటూ చూపించడం నేను రోజూ చూసేదే. ఎప్పుడూ ఒకే గేజితో చూసుకుంటే కనీసం పెరిగిందా, తగ్గిందా తెలుస్తుంది.

తరవాత సుద్దముక్కతో ఒక పరీక్ష చెయ్యి. టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి మందంగా అడ్డగీత గీసి, సమంగా ఉన్న తారు మీద నూరు గజాలు నేరుగా పోయి దిగి చూడు. నడుమే చెరిగితే గాలి ఎక్కువ. అంచులే చెరిగితే తక్కువ. కానీ సుద్దముక్కకి బరువు లెక్క తెలియదు. గీత 30 దగ్గర చక్కగా చెరిగినా కాటా చెప్పినదానికంటే కిందికి పోవద్దు.

డాలస్ తెలుగువాడు

ఇక్కడ టెక్సాస్‌లో నాకూ పికప్ ఉంది, నేనూ కంపెనీ టైర్లు తీసి ఎల్‌టీ వేయించాను. ఒక్క సంగతి చెప్పాలనిపించింది. కొత్త బండ్లలో టైరు గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది కదా, అమెరికాలో అది అన్ని కార్లకూ తప్పనిసరి. కానీ ఆ దీపం వెలిగే హద్దు కంపెనీ స్టిక్కరు నంబరుని బట్టి పెట్టి ఉంటుంది. దానికన్నా పాతిక శాతం తగ్గాకే వెలిగినా చట్టానికి చాలు. స్టిక్కరు 30 అనుకోండి, దీపం 22 దగ్గర వెలగొచ్చు. మన ఎల్‌టీ టైరు 35 కింద ఉండకూడదని చెప్పుకున్నాం. అంటే దీపం వెలగకముందే టైరు నలిగిపోతూ ఉంటుంది. టైర్లు మార్చినవాళ్ళెవరూ ఆ దీపాన్ని నమ్ముకోవద్దు. నేను ప్రతి ఆదివారం పొద్దున గేజి పెట్టి చూస్తాను.

స్పీడోమీటరు కూడా గమనించండి. 245 టైరు ఎత్తు 749 మిల్లీమీటర్లు, 265ది 777. మీటరు వంద చూపిస్తే మునుపటికంటే దాదాపు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ పోతున్నట్టు.

బోరుబండి, కదిరి

డాలస్ అన్నకు థ్యాంక్స్. మీటరు సంగతి నేను ఆలోచించనే లేదు. నా బండికి ఆ దీపమే లేదు, గేజి కొన్నా.

సుద్దముక్క పరీక్ష చేసినా. మా షాపు ముందర రోడ్డు సమంగా ఉండాది. మొదట 50 మీదనే, ఖాళీ బండితో. నూరు గజాలు పోయి దిగి చూస్తే నడుమ నాలుగు వేళ్ళ వెడల్పు తెల్లదనం మాయమై నల్లగా తేలింది, రెండు పక్కలా అంచుల మీద సుద్ద గీసింది గీసినట్లే ఉండాది, వేలు పెడితే అంటుకునేంత. మా అన్న కొడుకు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూసి "చిన్నాయనా, మనం ఇన్నాళ్ళు ఈ నాలుగు వేళ్ళ మీదనే పోతాండామా" అన్నాడు. 44కు దించి మళ్ళా గీసినాము, కొంచెం వెడల్పయింది. 36 దగ్గర అంచుల్లో చివరి గడ్డల మీద మాత్రం సన్నగా పొడి మిగిలి తక్కినదంతా చెరిగింది. అక్కడ ఆపేసినా. ఇంకా దించలేదు, మీ మాట గుర్తుండాది.

పోయిన వారం సామాను వేసుకుని వెనక 40, ముందు 36 పెట్టి పొద్దున ఐదున్నరకు బయలుదేరినా. ముదిగుబ్బ దగ్గర ఆపి చూస్తే వెనక 44, ముందు 39. కప్పీ డాలాకు కొట్టుకునే చప్పుడు సగానికి సగం తగ్గింది. స్టీరింగు కొంచెం బరువైంది, అది నాకు ఇష్టంగానే ఉండాది, రోడ్డు చేతికి తెలుస్తాంది.

ఇంక రెండు సందేహాలు. చిత్రావతి పక్కన ఇసుక చేన్లకు పోవాల్సి వస్తాంది. అక్కడ బండి దిగబడితే గాలి తీయొచ్చా? రెండోది, స్టెప్నీ ఇంకా పాత 245 సైజుదే. అయిదో టైరుకు డబ్బు చాలలేదు అప్పుడు.

లారీ అన్న, కరీంనగర్

తమ్మీ, 50 ఉంచుమన్న నా మాట వాపస్ తీస్కుంటున్న. సుద్దముక్క సంగతి సదివినంక మా తమ్ముని పికప్‌కు గూడ గట్లనే గీసి చూసినం, గదే కథ. ఖాళీ బండికి లారీ లెక్క పనికిరాదు. కాకపోతే లోడు పెరిగిన రోజు మాత్రం గాలి పెంచుడు మర్చిపోకు, గదొక్కటి యాదికుంచుకో.

ఆటోనగర్ టైర్లు, విజయవాడ

ఇసుకలో తీయొచ్చు. 20 దాకా దించు, నెమ్మదిగా, స్పీడు ముప్పై దాటకుండా, స్టీరింగు ఒక్కసారిగా తిప్పకుండా పోవాలి. తక్కువ గాలితో గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్ము మీద నుంచి జారిపోతుంది. ఇసుక దాటి గట్టి నేల తగలగానే మళ్ళీ నింపాలి. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసరు బండిలో లేకపోతే అసలు తియ్యొద్దు. 20తో తారు ఎక్కి ఊరికి వచ్చేద్దాం అనుకున్నవాళ్ళ టైర్లే నా షాపుకి వస్తాయి, లోపల నల్ల పొడితో.

స్టెప్నీ గురించి జాగ్రత్తగా విను. ఎత్తు తేడా 28 మిల్లీమీటర్లు ఉంది. అది వేసినప్పుడు ఫోర్ బై ఫోర్ వెయ్యకు, టూ వీల్ మీదే నడుపు, గేరు పెట్టె మీద భారం పడకుండా. దాన్ని వెనక కూడా పెట్టకు. వెనక పంక్చరైతే ముందు చక్రం ఒకటి తీసి వెనక్కి వేసి, స్టెప్నీని ముందుకి వెయ్యి. రెండుసార్లు జాకీ ఎత్తాలి, తప్పదు. పంక్చరు వేయించుకునేదాకా దగ్గర దూరమే, నెమ్మదిగానే. వీలైనప్పుడు అయిదోది కూడా అదే సైజు కొను. స్టెప్నీలో గాలి ఎంత ఉందో చివరిసారి ఎప్పుడు చూశావు?

బోరుబండి, కదిరి

బండి కొన్నప్పటి నుంచి చూడలేదన్నా. మీరు అడిగినాక కిందకు దూరి గేజి పెట్టినా. 14 ఉండాది. వాల్వు మూత కూడా లేదు, లోపల మట్టి. దించి, తుడిచి, కొత్త వాల్వు వేయించి 40 నింపించినా. రేపు పొద్దున ఆమడగూరు దోవలో మోటారు ఎత్తే పని ఉండాది, కంప్రెసరు కొనుక్కుని పోతా.